కొలతయు, కొలుచువాడును

ప్రాతఃకాలమున పుదుచ్చేరి సముద్రతీరపు వీథి నడచువారితో నిండియుండును. రాత్రి వేళ వాహనములకు ప్రవేశము లేని ఆ వీథిలో, ఎండ ముదురక మునుపే, గాంధీమహాత్ముని విగ్రహమునకు ఇరువైపుల వృద్ధులు, యువకులు, గృహిణులు, ఉద్యోగులు వడివడిగా నడచుచు కనిపింతురు. కొందరి మణికట్టున అడుగులను లెక్కించు చిన్న యంత్రమున్నది. నడక ముగిసిన పిదప దానివైపు చూచి కొందరు సంతోషింతురు, కొందరు నిట్టూర్తురు. వీరిలో పెక్కురు ఆరోగ్యమునకై నడచుచున్నవారే. కాని ఆరోగ్యమును దేనితో కొలువవలెనో, కొలచిన పిదప ఆ కొలతను ఏ భావముతో స్వీకరింపవలెనో ఆలోచించినవారు కొలదిమందియే.

ఈ ఆలోచన ఆ పట్టణమునకు మిక్కిలి అవసరమైనది. భారత వైద్య పరిశోధనా మండలియు, చెన్నైలోని మద్రాసు మధుమేహ పరిశోధనా సంస్థయు కలసి 2008 మొదలు 2020 వరకు దేశమంతటను 1,13,043 మందిని పరీక్షించి, ఆ ఫలితములను 2023లో ప్రకటించినవి. ఇరువది ఏండ్లు నిండినవారిలో మధుమేహము దేశమున సగటున 11.4 శాతముండగా, పుదుచ్చేరిలో 26.3 శాతముగా తేలినది. స్థూలకాయము విషయమున పుదుచ్చేరియే దేశమున మొదటి స్థానమున నిలచినది: దేశపు సగటు 28.6 శాతము కాగా అచట 53.3 శాతము. నడుము చుట్టు క్రొవ్వు చేరినవారు దేశమున 39.5 శాతము, పుదుచ్చేరిలో 61.2 శాతము. ఈ అంకెలు కేంద్రపాలిత ప్రాంతమునకు చెందినవి. గోదావరీతీరమున తెలుగు మాట్లాడు యానాము కూడ ఆ ప్రాంతములోనిదే. కనుక ఇది దూరదేశపు వార్త కాదు, మన ఇంటి వార్త.

ఇట్టి స్థితిలో సాధకుని మనస్సున ఒక ప్రశ్న పుట్టుట సహజము. దేహము నశ్వరమనియు, దేహాభిమానమే బంధమనియు శాస్త్రము పదేపదే చెప్పుచున్నది. అట్టి దేహములో క్రొవ్వెంత, కండయెంత యని శాతములు లెక్కించుచు కూర్చుండుట ధర్మమా? లేక అది దేహాభిమానమునకు క్రొత్తగా తొడిగిన విజ్ఞానశాస్త్రపు చొక్కాయా? ఒకడు "దేహము మట్టి, దానిని గూర్చి చింత ఏల?" యని కొలతను తిరస్కరించును. మరియొకడు దినమునకు మూడుమారులు యంత్రమెక్కి, అది చూపు అంకెయే తానని భావించును. వీరిరువురిలో ఎవడు దేహమునకు బద్ధుడు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు, అసలు కొలచుచున్నదేమో తెలిసికొనవలెను.

తూనిక మనుష్యుని బరువును మాత్రమే చెప్పును. ఆ బరువు ఎముకదా, కండదా, నీటిదా, క్రొవ్వుదా యని అది చెప్పజాలదు. బెల్జియము దేశపు గణితవేత్త అడాల్ఫ్ కెట్లే 19వ శతాబ్దిలో బరువును ఎత్తు యొక్క వర్గముతో భాగించు పద్ధతిని చూపెను. దానికి 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ పెట్టిన పేరే నేడు వైద్యులందరి నోట వినబడు 'బాడీ మాస్ ఇండెక్స్'. సులభమైన లెక్కయే, కాని ఇదియు కండకును క్రొవ్వునకును భేదమెరుగదు. 1942లో అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకీ తన సహచరులతో కలసి 25 మంది వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారులను పరీక్షించెను. ఆనాటి బరువు పట్టికల ప్రకారము వారిలో 17 మంది సైన్యమునకు పనికిరాని అధికబరువు గలవారు. వారిని నీటిలో ముంచి తూచి చూడగా, వారిలో అనేకుల దేహమున క్రొవ్వు తక్కువ. ఆ బరువంతయు కండదని తేలినది.

నీటిలో తూచుట యన్నది పురాతన గ్రీసు దేశపు ఆర్కిమిడీసు సూత్రమే. క్రొవ్వు నీటికంటె తేలిక. దాని సాంద్రత సుమారు 0.9. కండ, ఎముక మున్నగువాని సగటు సాంద్రత సుమారు 1.1. కనుక దేహము మొత్తము సాంద్రత తెలిసినచో రెండింటి పాళ్ళను లెక్కగట్టవచ్చును. విలియమ్ సీరీ యను శాస్త్రజ్ఞుడు ఇచ్చిన సూత్రము ప్రకారము 495ను సాంద్రతతో భాగించి, వచ్చినదానినుండి 450 తీసివేయగా క్రొవ్వు శాతము లభించును. సాంద్రత 1.05 అయినచో క్రొవ్వు 21 శాతమునకు కొంచెము పైన, 1.07 అయినచో 13 శాతమునకు లోపల. కంటికి ఒక్కటే యని తోచు ఇరువురి నడుమ ఇంత భేదము దాగియుండగలదు.

ఈ సత్యమునకు మన దేశమునుండియే ఒక చక్కని ఉదాహరణ కలదు. పుణె నగర వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండను వైద్యుడు జాన్ యుడ్కిన్ అనువారు తమ దేహములనే పరీక్షించుకొని 2004లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో ప్రకటించిరి. ఇరువురి బాడీ మాస్ ఇండెక్సును 22.3, రవ్వంత భేదము లేదు. కాని క్రొవ్వు శాతము లండను వైద్యునికి 9.1, పుణె వైద్యునికి 21.2. చూచుటకు సన్నగానున్న భారతీయుని దేహమున, ముఖ్యముగా ఉదరభాగమున, క్రొవ్వు దాగియుండుట మన జాతిలో తరచుగా కనబడు లక్షణము. కావుననే భారతీయులకు బాడీ మాస్ ఇండెక్సు 23 దాటినప్పుడే జాగ్రత్త వహింపవలెననియు, నడుము కొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదనియు మన వైద్యులు నిర్ణయించిరి.

ఆ యాజ్ఞిక్ గారి పరిశోధనయే మరియొక విషయమును వెల్లడించినది. పుణె సమీపగ్రామములలో పుట్టిన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండు శిశువుల బరువు 3.5 కిలోలు. మన శిశువుల కండ తక్కువ, అవయవములు చిన్నవి. అయినను వీపు చర్మము క్రింది క్రొవ్వు మాత్రము దాదాపుగా ఆ దేశపు శిశువులతో సమానముగా నిలచియున్నది. అనగా తల్లి తిన్న తిండి, తినలేక మానిన తిండి, ఆమె చేసిన కాయకష్టము, ఇవన్నియు బిడ్డ దేహమున పుట్టుకకు ముందే తమ వ్రాతను వ్రాసియున్నవి. ఈ ఒక్క సంగతి తెలిసినవాడు పొరుగువాని పొట్టను చూచి నవ్వజాలడు. తన సన్నదనమును చూచి గర్వింపజాలడు. స్థూలకాయుని సోమరియనియు, తిండిపోతనియు హేళనచేయుట మన సమాజమున సాధారణమైపోయినది. అది అజ్ఞానము మాత్రమే కాదు, హింస కూడ. అట్లు హేళనకు గురియైనవాడు వైద్యునికడకు పోవుటకే సిగ్గుపడి, వ్యాధి ముదిరిన పిదపనే బయటపడును.

ఇక కొలిచెడి సాధనములను గూర్చి. బాహువుల ముందువెనుకలను, వీపునను, నడుము పైభాగమునను చర్మపు మడతను పట్టుకొను కాలిపరు ఒకటి. రెండు శక్తిస్థాయిల ఎక్స్ కిరణములతో ఎముకను, కండను, క్రొవ్వును వేరుచేసి చూపు 'డెక్సా' యంత్రము మరియొకటి. ఇది పెద్ద వైద్యశాలలలో మాత్రమే లభించును. నేడు ఇండ్లలో కనబడు తూనికయంత్రము పాదములగుండ బహు సన్నని విద్యుత్తును పంపును. నీరు అధికముగా గల కండగుండ విద్యుత్తు సులభముగా సాగును. క్రొవ్వు దానిని నిరోధించును. ఆ నిరోధమునుండి యంత్రము క్రొవ్వును ఊహించును. కనుక నీరు త్రాగినప్పుడొక అంకె, చెమటపట్టి వచ్చినప్పుడొక అంకె, భోజనానంతరము వేరొక అంకె వచ్చును. ఒకే దినమున రెండు మూడు శాతముల భేదము కనబడుట వింతకాదు. గుండెలో పేస్‌మేకరు అమర్చుకొన్నవారు ఈ యంత్రమును వాడరాదు. వీనియన్నింటిలో మిక్కిలి చవకయైనది దర్జీవాని టేపు. కడపటి ప్రక్కటెముకకును కటి ఎముక పైయంచునకును నడిమి భాగమున, ఊపిరి మామూలుగా విడిచిన పిదప కొలచినచో, లోపలి క్రొవ్వును గూర్చి అది చాలవరకు నిజమే చెప్పును.

ఈ సాధనములలో ఏదియు జీవించియున్న మనుష్యుని క్రొవ్వును ప్రత్యక్షముగా తూచుట లేదు. ప్రతియొకటియు మరియొక గుణమును కొలచి, దానినుండి క్రొవ్వును అనుమానించుచున్నది. ప్రత్యక్షమునకును అనుమానమునకును గల భేదము మన తర్కశాస్త్రమునకు క్రొత్తది కాదు. అనుమానము ఉపయోగకరమైన ప్రమాణమే. కాని దాని మూలమున ఏ హేతువున్నదో మరచి దానిని నమ్మువాడు మోసపోవును. యంత్రము '27.4' అని దశాంశముతో సహా చూపినంతమాత్రమున అది వేదవాక్యము కాదు.

దేహమును కొలచుట పాశ్చాత్యుల కల్పన యని కొందరు తలంతురు. చరకసంహిత సూత్రస్థానమున 21వ అధ్యాయము నిందితములైన ఎనిమిది విధముల దేహములను పేర్కొనుచు, అతిస్థూలుని, అతికృశుని రెంటిని గూర్చి విస్తరించి చెప్పినది. మెచ్చదగిన దేహమేదనగా కండ సమమైన పాళ్ళలో నుండి, కూర్పు గట్టిగానుండి, ఇంద్రియములు దృఢముగానున్నదని నిర్ణయించినది. అనగా బరువు కంటె కూర్పునకే ఆ ఆచార్యుడు ప్రాధాన్యమిచ్చెను. అదే గ్రంథమున విమానస్థానమున దేహావయవముల ప్రమాణములు అంగుళములలో చెప్పబడినవి. ఆ అంగుళము ఎవరిది? రాజుగారి కొలబద్ద మీదిది కాదు. కొలువబడుచున్న మనుష్యుని వ్రేలియే అతనికి కొలత. తన దేహమునకు తన దేహమే ప్రమాణము. పొరుగువాని దేహము కాదు. ఈ సూక్ష్మమును నేటివారు మరచిరి. అద్దములోను, చిత్రములలోను కనబడు పరుల రూపమును లక్ష్యముగా పెట్టుకొని, తమ వ్రేలితో కాక పరుల వ్రేలితో తమ్ము కొలచుకొనుచున్నారు.

యానామునుండి వచ్చి పుదుచ్చేరిలో స్థిరపడిన ఒక గృహస్థుని ఊహింతము. ఏబది ఏండ్లవాడు. చూచుటకు లావరి కాడు. కాని నడుము 96 సెంటీమీటర్లు, రక్తమున చక్కెర హద్దు దాటుచున్నది. ఇంటిలో మంచము పట్టిన ముసలితల్లి యున్నది. ఆమెను మంచముమీదినుండి కుర్చీలోనికి ఎత్తి కూర్చుండబెట్టుట అతని నిత్యకర్మ. వైద్యుని మాట విని అతడు యంత్రమొకటి కొనెను. అది 31 శాతమని చూపెను. రెండు నెలలలో 20కి దింపెదనని అతడు ప్రతినపట్టి, రాత్రిభోజనము మానెను, పగటిభోజనము సగముచేసెను. కూరలో నూనె కనబడిన భార్యపై కోపించెను. దినమునకు మూడుమారులు యంత్రమెక్కెను. అంకె తగ్గిన దినమున ఇల్లంతయు పండుగ. పెరిగిన దినమున ఎవరును నోరెత్తరాదు. ఆరు కిలోల బరువు తగ్గినది. ఒక ఉదయమున తల్లిని ఎత్తబోయి అతడు తూలి, మంచపుకోడు పట్టుకొని నిలచెను. క్రొవ్వుతోపాటు కండయు కరగినది. చేతులలో బలము లేదు. ముసలియామె కొడుకు ముఖముచూచి మెల్లగా, "నాయనా, ఆ యంత్రము నీ మాట వినుచున్నదా, నీవు దాని మాట వినుచున్నావా?" యని యడిగినది.

ఆ ప్రశ్నలో ఈ విచారమంతయు ఇమిడియున్నది. కఠోపనిషత్తు దేహమును రథముగను, ఆత్మను రథికునిగను, బుద్ధిని సారథిగను పోల్చినది. సారథి ఇరుసును పరీక్షించును, చక్రములను తట్టి చూచును, గుఱ్ఱముల మేతను విచారించును. అది అతని ధర్మము. అట్లు చేయనివాడు రథికుని త్రోవలో దింపివేయును. కాని చక్రమును తట్టుచు శాలలోనే కూర్చుండి, ప్రయాణమే మరచిన సారథియు రథికునికి ద్రోహియే. గృహస్థుని మొదటి తప్పు కొలుచుకొనకపోవుట. రెండవ తప్పు కొలత దేనికో మరచుట. రథము ఎవరికొరకు? ఆ ఇంటిలో అది తల్లిని ఎత్తవలసిన చేతులకొరకు.

లక్ష్యమును నిర్ణయించుకొను పద్ధతియు ఈ దృష్టినుండియే తెలియును. మొదట, క్రొవ్వు శత్రువు కాదని గ్రహింపవలెను. అది దేహము ఆకలిదినములకై దాచుకొన్న ధాన్యము. నరములను, అవయవములను కాపాడు ఆచ్ఛాదనము. పురుషునికి సుమారు 3 శాతము, స్త్రీకి సుమారు 12 శాతము క్రొవ్వు ప్రాణధారణకే అవసరమని శాస్త్రజ్ఞుల అంచనా. ప్రకృతి స్త్రీకి మాతృత్వమునకై ఎక్కువ పాలు ఇచ్చినది. సన్నదనపు మోజులో ఆహారము మాని దేహమును ఎండగట్టుకొను బాలికకు ఋతుక్రమము ఆగును, ఎముకలు పలుచనగును. అతిభోజనమున కంటె ఇందలి అపాయము తక్కువైనది కాదు. మితిమీరి తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము సిద్ధింపదని గీతాచార్యుడు రెండు వైపులను హెచ్చరించుట ఇందులకే.

రెండవది, లక్ష్యము ఒక బిందువుగా కాక, ఒక పరిధిగా నుండవలెను. ఆరోగ్యవంతులైన పురుషులలో క్రొవ్వు శాతము సాధారణముగా పది, ఇరువదుల నడుమను, స్త్రీలలో ఇరువది, ముప్పదుల నడుమను ఉండును. వయస్సుతో కొంత పెరుగును. ఇందు అందరికి వర్తించు ఒకే అంకె లేదు. అధికభారము గలవాడు తన బరువులో 5 మొదలు 10 శాతము తగ్గించుకొన్నను రక్తపోటు, చక్కెర చెప్పుకోదగినంత మెరుగుపడును. వారమునకు అరకిలో తగ్గుట చాలును. తొందరపడినచో క్రొవ్వుతో కండయు పోవును. కండ నిలచుటకు పప్పులు, పాలు, పెరుగు మున్నగు మాంసకృత్తులు గల ఆహారమును, బరువులెత్తుట వంటి వ్యాయామమును అవసరము. వారమునకు 150 నిమిషములకు తక్కువ కాని నడకయు, రెండు దినములు కండరములకు బలము కలిగించు వ్యాయామమును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విధించిన కనీసపు నియమము. వ్యాధిగ్రస్తులు దీనిని వైద్యుని సలహాతో ఆరంభింపవలెను. కొలత నెలకొకసారి, ఒకే వేళను, ఒకే యంత్రముతో తీసికొనిన చాలును.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, దృష్టి ఫలముమీద కాక కర్మమీద నిలువవలెను. ఇది నీతివాక్యము మాత్రమే కాదు. అనుభవమున నిరూపితమైన సంగతి. మధుమేహపు అంచున నున్న 531 మందిపై జరిపి, చెన్నైలోని వైద్యులు 2006లో ప్రకటించిన పరిశోధనలో, ఏ ఉపదేశమును పొందనివారిలో మూడేండ్లలో 55 శాతము మధుమేహులైరి. నడకను, మితాహారమును పాటించినవారిలో ఆ సంఖ్య 39.3 శాతము. విశేషమేమనగా, పాటించినవారి బరువు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. యంత్రముమీది అంకెను మాత్రమే చూచి "ప్రయోజనము లేదు" అని నడక మానినవాడు, కంటికి కనబడని ఆ ఫలమును పోగొట్టుకొనియుండును. కర్మ తన చేతిలోనిది. అంకె తన చేతిలోనిది కాదు. ఎనిమిది గంటలకు భోజనము ముగించుట తన చేతిలోనిది. నడుము ఎన్నడు ఎంత తగ్గునో తన చేతిలో లేదు.

పుదుచ్చేరి పట్టణమునకు ఈ విషయమున ఒక ప్రత్యేక చరిత్ర కలదు. 1910లో అచటికి వచ్చి, నలుబది ఏండ్లు తపస్సులో గడపిన శ్రీ అరవిందుల ఆశ్రమమున, బాలబాలికలకును పెద్దలకును వ్యాయామము, క్రీడలు నిత్యజీవితమున భాగములైనవి. 1949లో ఆశ్రమమునుండి శారీరకవిద్యకై ఒక పత్రికయే ఆరంభమైనది. శరీరపు పరిపూర్ణతను గూర్చి శ్రీ అరవిందులు అందు వ్రాసిరి. యోగాశ్రమమున ఆటలేల యని ఆనాడు అడిగినవారును లేకపోలేదు. దేహమును విడిచి పారిపోవుట కాక, దానిని చైతన్యమునకు యోగ్యమైన ఆధారముగా చేయుట ఆ సాధన యొక్క మార్గము. దర్శనభేదములెట్లున్నను, దేహమును లక్ష్యపెట్టకుండుటయే వైరాగ్యమను భ్రమను ఆ ఆటస్థలము తొలగించినది.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. దేహబలమే యోగ్యతయైనచో, వ్యాధిగ్రస్తుల గతియేమి? స్వామి వివేకానందులు 1897లో మద్రాసు యువకులకు మొదట బలవంతులు కండని బోధించిరి. ఆ బోధించిన మహనీయుడే మధుమేహముతో బాధపడి, 1902లో 39వ ఏటనే దేహమును చాలించెను. ఈ రెండు సత్యములను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. బలమును కోరుట ధర్మము. బలము కలుగకపోవుట అధర్మము కాదు. రథము దుర్బలమైనను రథికుడు గమ్యము చేరినాడు. కాని దుర్బలరథమునకు దెబ్బలు ఎక్కువయని తెలిసినవాడు కనుకనే, తరువాత వచ్చువారు మంచి రథమును కూర్చుకొనవలెనని అంత ఆర్తితో చెప్పెను. కనుక క్రొవ్వు శాతము మంచితనమునకు కొలత కాదు. దానిని చక్కబరచుకొనుటకు చేయు నిత్యప్రయత్నము మాత్రము, సేవాభావముతో చేసినచో, సాధనయే.

ఆ గృహస్థుడు యంత్రమును పారవేయలేదు. దానిని అలమారలో పెట్టి, నెలకొకసారి తీసెను. ఉదయమున సముద్రతీరమున నడచెను. సాయంకాలము ఇసుక నింపిన సంచిని ఎత్తుట అభ్యసించెను. ఇంటివారితో కలసి కూర్చుండి, వారు తిన్నదే మితముగా తినెను. ఏడాదికి అంకె 27 వద్ద నిలచినది. అతడు మొదట కోరిన 20 రానేలేదు. నడుము ఏడు సెంటీమీటర్లు తగ్గినది. చక్కెర హద్దులోనికి వచ్చినది. తల్లిని ఎత్తునప్పుడు చేతులు వణకుట లేదు. ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి, కిటికీ తెరచునప్పుడు, తన దేహమొకటి యున్నదని అతనికి స్ఫురించుటయే లేదు.

దేహము ఆరోగ్యముగా నున్నదనుటకు ఇంతకంటె మంచి గుర్తు లేదు. సరియైన చెప్పు కాలికి గుర్తుకు రాదు. తెలియక చెప్పును ఉపేక్షించినవాడు ముల్లు గ్రుచ్చుకొని ఆగును. చెప్పునే చూచుచు కూర్చున్నవాడు బయలుదేరనే బయలుదేరడు. క్షేత్రము వేరు, క్షేత్రమును తెలిసినవాడు వేరు అని గీత బోధించినది. కొలువబడునది క్షేత్రము. 31 యనియు, 27 యనియు మారుచున్న అంకెలను చూచుచు, తాను మారక నిలచిన సాక్షిని ఏ యంత్రమును ఇంతవరకు కొలువలేదు. ఆ సాక్షిని మరువని మనస్సుతో, చేతిలోనికి టేపును తీసికొనినచో దోషము లేదు. అట్లు కొలచి, చేయవలసినది చేసి, టేపును మడచి యథాస్థానమున నుంచి, ఆ దినపు సేవకు పోవలెను.